తొమ్మిది వాట్ల వెలుతురు, వణికే పిల్లలు

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక పల్లె. నాలుగు రోజుల క్రితం 25 వనరాజా కోడిపిల్లలను తెచ్చుకున్నాం. ఒక రోజు వయసువి. పాత టీవీ అట్టపెట్టెలో నున్నటి క్యాలెండరు కాగితాలు పరిచి, పైన 9 వాట్ల బల్బు వేలాడదీశాం. వెలుతురు బాగానే ఉంది. అయినా రోజూ తెల్లవారేసరికి అన్నీ ఒక మూలన పోగుపడి ఉంటున్నాయి. అడుగున ఉన్నవి రెండేసి చచ్చిపోతున్నాయి. ఇప్పటికి ఆరు పోయాయి. ఇంకా పెద్ద బల్బు వేయాలా? ఎన్ని వారాలు వేయాలి? రాత్రి కరెంటు పోతే ఏం చేయాలి? మా అత్తమ్మ మాత్రం ‘బల్బులెందుకు, పొదుగు కోడి కింద పెట్టండి’ అంటోంది. అలా పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ‘9 వాట్లు’ అని రాసిన చోటే మీ ప్రశ్నకు జవాబు కూడా ఉంది. అది ఎల్‌ఈడీ బల్బు. దాని డబ్బా మీద 60 వాట్ల బల్బుతో సమానమని రాసి ఉండవచ్చు. నిజమే, వెలుతురులో సమానం. వేడి మాట వేరు. పాతకాలపు తీగ బల్బు తాగే కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. ఆ దండగను తగ్గించడానికే ఎల్‌ఈడీలు వచ్చాయి. మనకు దండగ అనిపించిన ఆ వేడి మీదే కోడిపిల్ల బతుకుతుంది. ఈ నాలుగు రాత్రులూ మీ పిల్లలకు దీపం ఉంది, పొయ్యి లేదు.

ఈ ఒక్క పొరపాటు గురించి నాకు ఏటా చలికాలంలో ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. పదిహేనేళ్ల కింద ఎవరూ ఇలా రాసేవారు కాదు. అప్పట్లో ఇంట్లో ఏ బల్బు తగిలించినా అది వేడెక్కేది కాబట్టి, ‘బల్బు వేయండి’ అంటే సరిపోయేది. పెద్దవాళ్లు ఇప్పటికీ అదే మాట చెబుతున్నారు. మాట మారలేదు, బల్బు మారింది.

ఉత్తరం చదవడం ఇక్కడ ఆపి, ముందు ఈ రాత్రికి చేయవలసింది చేయండి. ఆదిలాబాద్ వైపు ఈ రోజుల్లో తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి. అంత చలిని వారం కూడా నిండని పిల్లలు ఇంకొక రాత్రి తట్టుకోవు. లీటరు నీళ్ల సీసాలు రెండు మూడు తీసుకుని, చేయి పెట్టగలిగినంత వేడినీళ్లు నింపి, పాత గుడ్డ చుట్టి పెట్టెలో పడుకోబెట్టండి. మరీ మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ సీసా ముడుచుకుపోతుంది. పెట్టె కింద మడిచిన గోనెసంచి వేయండి. గచ్చు మీద ఉన్న అట్టపెట్టెకు అడుగు నుంచే చలి పడుతుంది. పైన మరో గోనెసంచి మూడొంతులు కప్పి, ఒక వంతు గాలికి వదలండి. రెండు మూడు గంటలకు ఒకసారి నీళ్లు మార్చాలి. నిద్ర పాడవుతుంది, తప్పదు. ఒక్క రాత్రే కదా.

రేపు ఉదయమే మండల కేంద్రానికి ఎవరినైనా పంపి తీగ బల్బులు తెప్పించండి. పాత ఎలక్ట్రికల్ దుకాణాల్లో అడిగితే అటక మీద నుంచి దించి ఇస్తారు. సాధారణంగా పిల్లకు రెండు వాట్లని లెక్క. మీకు మిగిలిన 19 పిల్లలకు 40 వాట్ల బల్బు ఒకటి చాలాలి. కానీ మీ చలికి అది చాలదు, రెండు కొనండి. నేనైతే ఒక్క వంద వాట్ల బల్బు ఎప్పుడూ వేయను, రెండు నలభైలే వేస్తాను. అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది తెల్లవారే దాకా కాపాడుతుంది. కరెంటు బిల్లు గురించి అత్తమ్మ అడిగితే, రెండూ రోజంతా వెలిగినా రోజుకు రెండు యూనిట్లు కూడా కాదని చెప్పండి. దుకాణంలో 250 వాట్ల ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు చూపిస్తారేమో, అది వంద పిల్లల దాకా సరిపోయే సరుకు. అట్టపెట్టెలో పెడితే పిల్లల కంటే ముందు పెట్టె అంటుకుంటుంది.

హోల్డరు పింగాణీదే కావాలి. ప్లాస్టిక్ హోల్డరు వారం రోజుల వేడికి పెళుసెక్కి పగులుతుంది. బల్బును దాని కరెంటు తీగతోనే వేలాడదీయకండి. సన్నటి గొలుసుతోనో ఇనుప బైండింగు తీగతోనో దూలానికి కట్టండి. ఒక కట్టు తెగినా పడిపోకుండా రెండో కట్టు కూడా ఉండాలి. కింద పోయబోయేది ఎండిన ఊక, చుట్టూ ఉండేది అట్ట. బల్బు జారి పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. వాడని అల్యూమినియం బేసిన్ ఉంటే నడిమధ్య బెజ్జం చేసి బల్బుల మీద గొడుగులా బోర్లించండి. పైకి పోయే వేడి కిందికి మళ్లుతుంది. తీగ ఆ బెజ్జం అంచుకు ఒరుసుకోకుండా రబ్బరు ముక్క చుట్టడం మరిచిపోవద్దు. బల్బు మొదట ఊక నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. ఆ తర్వాత దాన్ని పెంచాలో దించాలో పిల్లలే చెబుతాయి.

టీవీ పెట్టె మీద నాకు పేచీ లేదు, దాని మూలల మీద ఉంది. చలేసిన పిల్లలు వెచ్చదనం కోసం ఒకదానిలోకి ఒకటి దూరతాయి. మూల దొరికితే అక్కడికే తోసుకుంటాయి. వెనక ఉన్నవి ముందున్న వాటిపైకి ఎక్కుతాయి. అడుగున పడినవి చలికి కాదు, ఊపిరాడక పోతాయి. మీ పెట్టెలో జరిగిందదే. తొమ్మిది పది అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ఉన్న అట్టను గుండ్రంగా చుట్టి కుట్టేయండి. మూడడుగుల వెడల్పు గుండ్రటి దడి తయారవుతుంది. ఫారాల్లో దీన్నే చిక్ గార్డు అంటారు. నాలుగైదు రోజులకు ఒకసారి విప్పి, ముక్క అతికి పెద్దది చేసుకుంటూ పోవచ్చు.

దడి లోపల రెండంగుళాల మందాన వరి ఊక పోయండి. రంపపు పొట్టు వద్దు, అది తిండి అనుకుని తింటాయి. మొదటి మూడు నాలుగు రోజులు ఊక మీద కూడా ఏదైనా పరచాలి కానీ, మీరు వేసినట్టు నున్నటి కాగితం కాదు. దాని మీద లేత కాళ్లు పట్టు దొరకక చెరో వైపు జారి, పిల్లలు చాపకాళ్లవి అవుతాయి. ఉతికిన గోనెపట్టా మేలు. వార్తాపత్రిక అయితే నలిపి గరుకు చేసి పరచండి. మేత మొదటి రెండు రోజులు దాని మీదే చల్లితే చప్పుడుకు వచ్చి పొడుస్తాయి. మీ పిల్లలకు నాలుగు రోజులు దాటాయి కాబట్టి ఇక పళ్లెంలో పెట్టవచ్చు.

బల్బులను దడికి సరిగ్గా నడిమధ్యన కట్టకండి, ఒక పక్కకు కట్టండి. మేత, నీళ్లు రెండో పక్కన, వేడి అంచుకు కాస్త అవతల ఉండాలి. తల్లికోడిని గమనించారా? పొదిగే రోజుల్లో దాని పొట్ట కింద ఈకలు రాలి ఉత్త చర్మం బయటపడుతుంది. పిల్ల ఆ 40 డిగ్రీల వెచ్చదనంలోకి దూరి, ఒళ్లు కాగాక బయటికొచ్చి నాలుగు గింజలు ఏరుకుని, వణుకు మొదలవగానే మళ్లీ దూరుతుంది. రోజంతా ఆ రాకపోకలే. పిల్ల ఒంటి మీది నూగు చూడటానికి ఉన్నిలా ఉన్నా, పది పదిహేను రోజుల దాకా తన వేడిని తాను నిలుపుకోలేదు. మరీ వేడెక్కితే తప్పించుకోవలసిందీ అదే. పెట్టె మొత్తం ఒకే వేడిగా ఉంటే తప్పించుకునే చోటు ఉండదు. కాబట్టి దడిలో ఒక వెచ్చటి చోటు, ఒక చల్లటి చోటు ఉండాలి. ఎక్కడ ఉండాలో పిల్లే చూసుకుంటుంది.

పుస్తకాల లెక్క ఇదీ: మొదటి వారం బల్బు కింద, పిల్ల వీపు ఎత్తున 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గింపు. గోడకు తగిలించే చిన్న డిజిటల్ థర్మామీటరు ఉంటే ఊక మీద రెండంగుళాల ఎత్తులో, వెచ్చటి చోటు అంచున పెట్టి చూడండి. జ్వరం చూసే థర్మామీటరు పెట్టి, ఎక్కిన పాదరసం దిగడం లేదని కంగారుపడి రాసినవారున్నారు. అది విదిలిస్తే గానీ దిగదు. దీనికి అది పనికిరాదు.

నిజం చెప్పాలంటే నేను థర్మామీటరు చూసి చాలా ఏళ్లయింది. రాత్రి పదింటికి అలికిడి లేకుండా దడి దగ్గరికి వెళ్లి వంగి చూస్తాను. బల్బు చుట్టూ వలయంలా పరుచుకుని, మెడలు చాచి, కొన్ని పక్కకు ఒరిగి చచ్చినట్టు పడి నిద్రపోతుంటే అంతా బాగున్నట్టు. కొత్తవాళ్లు ఆ పడుకునే తీరు చూసి హడలిపోతారు. బల్బు కిందే ముద్దగా ఉంటే చలి ఎక్కువైనట్టు, నాలుగంగుళాలు దించాలి. అందరూ దడి అంచుకు పోయి, రెక్కలు దించి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు, పైకి లాగాలి. అన్నీ ఒకే పక్కకు చేరితే అవతలి పక్క నుంచి ఈదురుగాలి వస్తోంది. తలుపు కింది సందు చూడండి. చూడలేకపోతే వినండి. సుఖంగా ఉన్న పిల్లలు నిద్రలో కూడా సన్నగా గులుగులుమంటుంటాయి. చలేసిన పిల్ల అరుపు గట్టిగా, ఒకే స్థాయిలో, ఆగకుండా ఉంటుంది. పక్క గదిలో ఉన్నా అది మనల్ని పడుకోనివ్వదు. మీకు ఈ నాలుగు రాత్రులూ అది వినిపించే ఉంటుంది. ఆకలి అనుకుని ఉంటారు.

ఇంకొక పరీక్ష ఉంది. ఒక పిల్లను తీసుకుని దాని పాదాలు మీ చెంపకు ఆనించండి. గోరువెచ్చగా తగిలితే సరే. చల్లగా తగిలితే పొట్ట దాకా చల్లబడుతోందని అర్థం. చలిపట్టిన పిల్ల మేత ముట్టదు. పుట్టుకతో పొట్టలో తెచ్చుకున్న పచ్చసొన కూడా అరగదు. గుడ్డులోంచి వచ్చాక రెండు మూడు రోజులు ఏమీ తినకుండా ప్రయాణం చేయగలిగేది ఆ సొన బలం మీదే. రాత్రి పడుకునే ముందు మెడ కింద తిత్తి తడిమి చూడండి. మెత్తగా, శనగగింజంత అయినా నిండి ఉండాలి.

తెల్లవారి చూసేసరికి ఏ పిల్ల అయినా ఒళ్లు చల్లబడి, మెడ వాల్చి ఉంటే వెంటనే నోట్లో నీళ్లు పోయకండి. చల్లటి ఒంట్లోకి నీళ్లు పోస్తే గొంతుకడ్డం పడతాయి. ముందు రెండు అరచేతుల మధ్య, ఆ తర్వాత గుడ్డ చుట్టి బల్బు పక్కన వెచ్చబెట్టండి. కాళ్లు కదిపి, కళ్లు తెరిచి, అరవడం మొదలుపెట్టాక గోరువెచ్చటి బెల్లం నీళ్లు ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క తాకించండి. అరగంటలో లేచి తిరిగేవి ఉంటాయి. అన్నీ లేవవు.

చలి తగిలిన పిల్లల్లో రెండు మూడు రోజులకు వెనక రెట్ట అంటుకుని, గట్టిపడి, దారి మూసుకుపోతుంది. రోజూ ఒకసారి ఎత్తి చూడండి. ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో నాననిచ్చి తుడవాలి. లాగితే చర్మం ఊడి వస్తుంది. తుడిచాక ఆరబెట్టి, రవ్వంత కొబ్బరినూనె రాయండి. ముందువైపు పొట్ట మీద చిన్న నల్లటి పొక్కులాంటిది కనిపిస్తే అది బొడ్డు, దాన్ని గీకవద్దు.

చచ్చినవాటిని కూడా ఒకసారి చూడండి. పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా, వాసన వస్తుంటే అది పొదిగిన చోటు నుంచే వచ్చిన జబ్బు. బల్బు మార్చినా ఆగదు, పశువైద్యుడికి చూపించాలి. ఒళ్లు నలిగి, నూగు చెమటకు తడిసినట్టు అంటుకుని ఉంటే గుంపు కింద నలిగినవి. మీరు రాసిన తీరు చూస్తే ఇవి రెండో రకమే అనిపిస్తోంది.

నీళ్లు లోతు లేని పళ్లెంలో, గులకరాళ్లు వేసి పెట్టండి. పిల్ల ఒళ్లు తడిస్తే ఈ చలికి గంట కూడా ఆగదు. ఉదయం మొదటి నీళ్లు గోరువెచ్చగా ఇవ్వండి. ఊక తడిసిన చోట రోజూ తీసి పొడిది పోయండి. దడిలోకి వంగితే కళ్లు మండుతున్నాయంటే, ఆ మంట వాటికి రోజంతా ఉన్నట్టు. వెచ్చదనం కోసం గది కిటికీలన్నీ బిగించేవాళ్లకు ఇది చెబుతున్నాను. గాలి కింది నుంచి తగలకూడదు, పైనుంచి ఆడాలి.

ఎన్ని వారాలని అడిగారు. ఈకలు చూసి ఆపాలి. ముందు రెక్కలకు వస్తాయి, తర్వాత భుజాలకు, రొమ్ముకు, ఆఖరికి తలకు, మెడకు. మూడో వారం నుంచి ఎండ కాసే పగళ్లు బల్బు ఆపేయవచ్చు. పది గంటల ఎండలో వాకిట్లో గంప కింద కమ్మి గంటసేపు ఉంచండి. పైన గద్ద, పక్కన పిల్లి ఉంటాయి కాబట్టి గంప మీద బరువు పెట్టాలి. రాత్రుళ్లు మాత్రం మీ ఊళ్లో అయిదు వారాలు నిండేదాకా బల్బు ఉండాలి. అప్పటికి శివరాత్రి దగ్గర పడుతుంది, చలి శివశివా అంటూ పోతుంది. ఇవే పిల్లలను రోహిణి కార్తెలో తెచ్చి ఉంటే రెండు వారాలు, అదీ రాత్రిపూట వేస్తే సరిపోయేది. బల్బు ఆపినా వెంటనే పెరట్లోకి వదలకండి. వనరాజా మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం. పెద్దయ్యాక గట్టిదే. కానీ ఆరు వారాల దాకా నర్సరీలో పెట్టినట్టు పెంచాకే బయటికి వదలాలి. ఏడో రోజున కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్క కంట్లో వేయించడం మరవద్దు. చలితో నీరసించి ఉంటే ముందు రెండు రోజులు కోలుకోనివ్వమని పశువైద్యశాలలో అడగండి.

ఇక కరెంటు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే 40 వాట్ల బల్బును రాత్రంతా మోస్తుంది, ఫ్యాన్లు ఆపేయండి. లేకపోతే వేడినీళ్ల సీసాలే దిక్కు. మూతి సన్నటి మట్టికుండ ఉంటే ఇంకా మంచిది. అందులో వేడినీళ్లు పోసి మూత బిగించి గోనె చుట్టి పెడితే సీసా కంటే ఎక్కువసేపు కాక నిలుస్తుంది. పిల్లలను దడిలోంచి తీసి చిన్న పెట్టెలో ఆ కుండ చుట్టూ ఉంచి, పైన సంచి కప్పండి. మరొక సంగతి చాలామంది చెప్పరు. కరెంటు పోయినప్పుడు చలి కంటే ముందు చీకటి దెబ్బ కొడుతుంది. పుట్టినప్పటి నుంచి వెలుతురులోనే ఉన్న పిల్లలు ఒక్కసారిగా చీకటి పడితే బెదిరి పోగుపడతాయి. అందుకే ఫారాల్లో మొదటి వారం నుంచే రోజుకో గంట దీపం ఆర్పి అలవాటు చేస్తారు. కాస్త ఎండెక్కి గది వెచ్చబడ్డాక, మీరు దగ్గరుండి, ఓ గంట చీకటి అలవాటు చేయండి.

బొగ్గుల కుంపటి ఆలోచన వస్తుంది. మీకు రాకపోయినా ఇంటికొచ్చిన చుట్టం ఎవరైనా చెబుతారు. మూసిన గదిలో కుంపటి పెట్టి అందులోనే పడుకోవడం మనుషుల ప్రాణాలే తీసింది, కోడిపిల్లలు ఎంత? మొదట్లో నేనూ పెట్టాను. వరండాకు నాలుగు వైపులా పరదాలు కట్టి, పొగ రావడం లేదు కదా అని ధైర్యంగా పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి నాకు తల పగిలిపోతోంది. ముప్పైలో పదకొండు పిల్లలు పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. ఒక్కటీ పోగుపడలేదు, ఒక్కటీ అరవలేదు. నిప్పుల మీద పొగ లేనంత మాత్రాన విషవాయువు లేనట్టు కాదు. పిల్లల దడి వంటింటి పక్కన ఉంటే నాన్‌స్టిక్ పెనం ఖాళీగా కాల్చడం కూడా మానండి. ఆ పూత మాడిన ఆవిరి పక్షులకు ప్రాణాంతకం.

అత్తమ్మ మాట ఆఖరున పెట్టాను, తీసిపారేయడానికి కాదు. ఆవిడ చెప్పింది సరైనదే, సమయమే దాటింది. తల్లీ పిల్లలూ ఒకరినొకరు గుర్తుపట్టేది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. మీ పిల్లలకు ఇప్పుడు నాలుగు రోజులు దాటాయి. వాటికి తల్లికోడి పిలుపు తెలియదు, కోడి వాటిని పరాయివనుకుని పొడుస్తుంది. వచ్చేసారి తెచ్చేముందు ఇంట్లో నాటుకోడి ఏదైనా పొదుగుకు కూర్చుని రెండు వారాలు దాటిందేమో చూసుకోండి. పిల్లలు వచ్చిన రాత్రి, చీకట్లో, దాని కింది గుడ్లు ఒక్కొక్కటి తీస్తూ ఒక్కొక్క పిల్లను దూర్చాలి. చలికాలమైతే పది పన్నెండుకు మించి దాని రెక్కల కింద పట్టవు. తెల్లవారుజామున మీరు దగ్గరుండాలి. అది కొక్కొక్కు అంటూ గొంతు మార్చి పిలిచిందంటే ఒప్పుకున్నట్టు. ముక్కుతో విసిరిందంటే వెంటనే బల్బు కిందికి తీసుకురావాలి. ముందే ఆ కోడికి పేలు చూసి, టీకా వేయించి ఉంచండి. మీ వనరాజా పెట్టలు పెద్దయ్యాక ఈ పని చేస్తాయని మాత్రం ఆశపడవద్దు. అవి గుడ్లు పెట్టి పోతాయి, పొదుగుకు కూర్చునేది చాలా అరుదు. ఆ పనికి అత్తమ్మ నాటుకోడిని అమ్మకుండా ఉంచుకోండి.

ఇప్పుడు నీళ్లు కాగబెట్టండి. వారం తర్వాత పందొమ్మిదిలో ఎన్ని ఉన్నాయో రాయండి.